మనము కొను వస్త్రము

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము, 36 నుండి 42 వరకు



యొప్పే పట్టణములో దొర్కా అను శిష్యురాలు మరణించినప్పుడు, మేడగదిలో కూడిన విధవరాండ్రు పేతురునకు ఏమి చూపిరో మీకు జ్ఞాపకమున్నది గదా? ఆమె ఎంత ద్రవ్యము పంచిపెట్టెనో వారు లెక్క చెప్పలేదు. ఆమె బ్రదికియున్న దినములలో తమకొరకు తన చేతులతో సిద్ధపరచిన బట్టలనే కన్నీటితో చూపిరి. ఏ విధవరాలికి ఎట్టి బట్ట కావలెనో దొర్కా ఎరుగును. ఎరిగి కుట్టెను. అందుచేతనే ఆ బట్టలు ఆమె పక్షముగా సాక్ష్యము పలికెను.

ఈ భాగముమీద నేను పాతిక సంవత్సరములకు పైగా ప్రసంగించుచు వచ్చితిని. వేదాంత పాఠశాలలో దీనికి మూడు శీర్షికలు వ్రాసుకొని, అవే మూడు శీర్షికలు ఊరూర చెప్పితిని. అయితే దీని అర్థము నాకు నా సంఘములోని ఒక అవ్వ మూలముగా తెలిసినది. ఆ సంగతి చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. అయినను మీ మేలుకొరకు చెప్పుచున్నాను.

మా సంఘములో ప్రతి క్రిస్మసునకు విధవరాండ్రకు చీరలు పంచు వాడుక యున్నది. నాలుగు సంవత్సరముల క్రిందట ఆ పని నేనే మీద వేసికొని, సంఘ పెద్దలు ఇద్దరితో కూడ పట్టణమునకు పోతిని. మా చేతిలో 15,000 రూపాయలున్నవి. టోకు అంగడిలో ఒక్కొక్కటి 250 రూపాయల చొప్పున 60 పాలియెస్టరు చీరలు దొరకినవి. రంగులు నిగనిగలాడుచుండెను. పేర్లు వ్రాసిన అరువదిమందిలో ఒక్కరును మిగిలిపోలేదు. తిరిగి వచ్చునప్పుడు, ప్రభువు కొద్దిని విస్తారముగా చేసెనని బస్సులోనే స్తోత్రము చెల్లించితిమి. ఆ బట్ట దేనితో చేసినదని గాని, కట్టుకొనువారు దానిని కట్టుకొని ఏ పని చేయుదురని గాని మాలో ఒక్కరమును అడుగలేదు.

పండుగ గడచిన ఆరు వారములకు, డెబ్బది యేండ్లు దాటిన ఒక అవ్వ తెల్లవారుజామున కట్టెల పొయ్యిమీద గంజి కాచుకొనుచుండగా చీర కొంగునకు నిప్పు తగిలినది. ప్రక్కింటివారు వచ్చి నీళ్లు పోసిరి. ప్రాణము దక్కినది గాని, బట్ట కరిగి ఎడమచేతికి అంటుకొనిపోయినది. నేను ఆసుపత్రికి పోవునప్పటికి నర్సమ్మగారు ఆ చేతిని శుభ్రము చేయుచుండిరి. నూలుబట్టయైనను కాలును, ఒక్కొక్కప్పుడు ఇంకను త్వరగా అంటుకొనును. అయితే అది బూడిదయై రాలును, ఇది మైనమువలె కరిగి చర్మమును పట్టుకొనునని ఆమె నాకు చెప్పిరి.

అవ్వ నన్ను చూచి ఏమనెనో వినుడి. "అయ్యగారూ, తమరిచ్చిన చీర పాడుచేసుకున్నానండి. ఏమీ అనుకోకండి."

ప్రియులారా, ఆ మాట నా చెవిలో ఇప్పటికిని ఉన్నది. క్షమాపణ ఎవరు ఎవరిని అడుగవలెను? ఆమె చేయి మూడు నెలలకు మానినది. రెండు వ్రేళ్లు మాత్రము వంగియే యున్నవి. దొర్కా ఇచ్చిన బట్టలను విధవరాండ్రు పేతురునకు చూపిరి. నేనిచ్చిన బట్టను ఆసుపత్రి మంచముమీద ఒక విధవరాలు నాకు చూపినది.

ఆ వారములోనే మరియొక సంగతి నన్ను పొడిచినది. మా సంఘములో ఒక నేత సహోదరుడున్నాడు. ఆయన ఇంట గుంట మగ్గము ఒకటి కలదు. నేను చీరల మూట విప్పి పంచిన దినమున ఆయన రెండవ వరుసలో కూర్చుండియుండెను. అప్పటికి నాలుగు నెలలనుండి ఆయన మగ్గము నిలిచిపోయి, మేస్త్రీ పనికి కూలిగా పోవుచుండెనని నాకు తరువాత తెలిసినది. "ఆ దినమున నాతో ఒక్క మాట చెప్పియుండరాదా?" అని అడిగితిని. "చెబితే నా మగ్గం కోసం అడిగినట్టు ఉంటుందని ఊరుకున్నానండి" అనెను. గుడిలో నా యెదుట ఒక నేతగాడు పని లేక కూర్చుండగా, ఆ గుడి డబ్బుతోనే నేను దూరపు మిల్లు బట్ట కొని తెచ్చితిని. మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు ముతక నూలుబట్ట నేసి బ్రదికినవారే. ఆ సంగతి నేను మరచితిని.

అప్పటినుండి, మనము కట్టుకొను బట్ట ఎక్కడనుండి వచ్చుచున్నది, తుదకు ఎక్కడికి పోవుచున్నది అని విచారింప మొదలుపెట్టితిని. తెలిసికొనినది మీకును తెలుపుట నా విధి.

పాలియెస్టరు అనునది నేలనుండి తోడిన ముడి చమురునుండి చేయబడును. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సను అను ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దీనినుండి నూలు తీసిరి. మన పెద్దలు దీనిని టెరిలిను అని పిలిచిరి. పత్తితో కలిపి నేసినదానిని టెరికాటను అనిరి. ఇది చౌక. త్వరగా ఆరును. ముడతలు పడదు. ఈ గుణములను నేను కాదనను. అయితే ఇది ప్లాస్టికునకు తోబుట్టువు. నీళ్ల సీసాలు చేయు పదార్థమును, ఈ చీరల నూలును ఒక్కటే. ఉతికినప్పుడెల్ల కంటికి కనబడని సన్నని పోగులు దీనినుండి రాలి, కాలువలోనికి, ఏటిలోనికి, సముద్రములోనికి పోవుచున్నవి. చేపల కడుపులలోను ఇట్టి పోగులను శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

కిందటి వేసవిలో మా యౌవనస్థులు గుడి వెనుకనున్న మురుగు కాలువ పూడిక తీసిరి. బురదలోనుండి చినిగిన చీర ముక్కలు పైకి వచ్చినవి. నీళ్లతో కడుగగా వాటిమీది పువ్వుల రంగు క్రొత్తగానే యున్నది. ఆ చోటనే పూడ్చిన గోనెసంచి మాత్రము మన్నులో కలిసిపోయి, దాని నోటికి కట్టిన ప్లాస్టికు త్రాడు ఒక్కటే మిగిలియుండెను. నేను చాలసేపు ఆ ముక్కలను చూచుచు నిలిచితిని. ధనమును ఈ లోకములో కూర్చుకొనవద్దని చెప్పుచు, మన ప్రభువు చిమ్మెటను గూర్చి మాటలాడెను. చిమ్మెట కొట్టని బట్ట దొరకిన ఎంత మేలని మనమందరము అనుకొందుము. ఇప్పుడు చిమ్మెట ముట్టని బట్ట, మన్ను తినని బట్ట మనుష్యులు చేసిరి. అది మేలాయెనా? దేవుడు ఈ లోకములో పుట్టించిన ప్రతి ఆకును, ప్రతి పోగును తన పని ముగించిన తరువాత మరల మంటికి చేరి, రాబోవు పంటకు బలమగుచున్నది. మనుష్యుని శరీరమే అట్లు మంటికి చేరుచుండగా, వాని చీర చేరనని మొరాయించినయెడల, దానిని చేసినవారు సృష్టికర్త ఏర్పాటును మరచిరని కాదా?

అయితే పాలియెస్టరు పాపమనియు, పత్తి పుణ్యమనియు నేను చెప్పుచున్నానని తలంపవద్దు. పత్తికిని దాని దుఃఖములున్నవి. మీలో పత్తి వేసినవారు ఆ సంగతి నాకంటె బాగుగా ఎరుగుదురు. 1997–98 సంవత్సరములలో ఓరుగల్లు ప్రాంతమున పత్తి పురుగుపాలై, అప్పులు తీర్చలేక ఎందరో రైతులు ప్రాణములు తీసికొనిరి. అనేకులు త్రాగినది పొలముకొరకు కొన్న పురుగుమందే. మధ్య ఆసియాలో పత్తి పంటకు రెండు గొప్ప నదులను మళ్లించినందున, 1960 నాటికి లోకములోని పెద్ద సరస్సులలో నాలుగవదిగా నుండిన అరలు సముద్రము చాలమట్టుకు ఎండిపోయి, పడవలు ఇసుకలో నిలిచిపోయినవి. ఇక రంగుల మాట. తమిళనాట తిరుప్పూరులో బట్టల అద్దకపు నీరు నొయ్యలు నదిని పాడుచేయగా, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు కార్ఖానాలను వందలకొలది మూయుమని ఆజ్ఞాపింపవలసి వచ్చినది.

చౌకకు వెల ఎవరు చెల్లించుచున్నారో అదియు చూడుడి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశములోని సావరులో బట్టలు కుట్టు కార్ఖానాలుండిన రానా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల మేడ కూలి, 1,100 మందికి పైగా చనిపోయిరి. వారిలో ఎక్కువమంది యౌవన స్త్రీలు. గోడలు బీటలు వారినవని ముందుదినముననే తెలిసియుండియు వారిని పనికి పిలిచిరి. వారు కుట్టినవి దూరదేశములలో తక్కువ ధరకు అమ్ముడగు దుస్తులు. పనివారి కూలి బిగబట్టినప్పుడు ఆ కూలియే దేవుని సన్నిధిని మొరపెట్టునని యాకోబు తన పత్రికలో ఐదవ అధ్యాయమున హెచ్చరించెను. మన ఒంటిమీది అంగీ మొరపెట్టునదియై యున్నయెడల, మనము ఆరాధనలో ఎంత బిగ్గరగా పాడినను ఏమి ప్రయోజనము?

మరుసటి క్రిస్మసునకు ముందు సంఘ పెద్దల కూటములో ఈ విషయము పెట్టితిని. చేనేత నూలుచీర ఒక్కటి 800 రూపాయలు. ఒక పెద్ద లేచి, "అయ్యగారూ, ఉన్న డబ్బుకు పందొమ్మిది కూడ రావు. మిగిలిన నలుబదిమందికి మీ మంచి మాటలు కట్టబెట్టుదుమా?" అనిరి. ఆయన అడిగినది న్యాయమే. స్త్రీల సమాజపు సహోదరీలు మరియొక మాట చెప్పిరి. నాట్లకు పోవు కూలి స్త్రీకి బురదలో తడిసిన నూలుచీర బరువు. వానకాలములో అది రెండు దినములకైనను ఆరదు. గంజి పెట్టుటకు తీరిక ఉండదు. ఈ సంగతి నాకు తెలియదు. దొర్కా అయితే ఎరిగియుండును. అడుగక కొనుట నా మొదటి తప్పు. అడుగక మార్చుట రెండవ తప్పు కాబోయినది.

కాబట్టి విధవరాండ్రనే అడిగితిమి. ఇంటిపట్టున ఉండి పొయ్యి దగ్గర పనిచేయు వృద్ధులు నూలుచీరయే కావలెననిరి. వేసవిలో చెమట పీల్చును, మెత్తగా నుండును, చినిగిన తరువాత బొంతకు పనికివచ్చునని చెప్పిరి. అప్పుడు నా ఇంటనుండి మొదలుపెట్టవలెనని తోచి, ఆ సంవత్సరము మా ఇంటివారమెవ్వరము క్రొత్తబట్టలు కొనక, ఆ సొమ్ము సంఘమునకు తెచ్చితిమి. నా భార్య పెట్టెలోని పాత చేనేత చీరకు గంజి పెట్టి ఇస్త్రీ చేసి పండుగకు కట్టుకొనెను. మా చిన్నకుమారుడు రెండు దినములు నాతో మాటలాడలేదు. ఆ మాటయు దాచను. మరికొన్ని కుటుంబములు రెండు జతలకు బదులు ఒక జతతో సరిపెట్టుకొనెను. తుదకు 41 చీరలకు డబ్బు కూడినది. అందులో పద్దెనిమిది మన నేత సహోదరుడును ఆయన భార్యయు నేసిరి. తక్కినవి చీరాల ప్రాంతపు నేతగాండ్రయొద్ద కొంటిమి. మిగిలిన పందొమ్మిదిమంది పేర్లు మరుసటి సంవత్సరపు పట్టీలో మొదట వ్రాసితిమి. వారిలో ఇద్దరు ఆ పట్టీ వచ్చులోగా ప్రభువునొద్దకు పోయిరి. అది తలంచినప్పుడెల్ల నా మనస్సు కలతపడును. మేలైన పని చేయునప్పుడును మన చేతులు పొట్టివని దేవుడు మనకు జ్ఞాపకము చేయుచున్నాడు.

ఆ దినములలో నేను నేత సహోదరుని ఇంటికి పోయి మగ్గము ప్రక్కను కూర్చుండితిని. ఆయన భార్య రాట్నముమీద కండెలు చుట్టుచుండెను. పడుగునకు గంజి పట్టించి ఆరబెట్టి, ఒక్కొక్క పోగును పన్నెలోనుండి తీసి అతికి, తరువాత గుంటలో కాళ్లు పెట్టి నేయుదురు. నాడె ఎడమనుండి కుడికి, కుడినుండి ఎడమకు పోవుచుండును. సాదా చీరకే రెండు దినములు పట్టును. ఆ మగ్గమునకు కరెంటు అక్కరలేదు, చమురు అక్కరలేదు; పొగ లేదు. ఆ చప్పుడు వినుచు, సిలువయొద్ద సైనికులు చింపక చీట్లు వేసికొనిన ఆ అంగీని జ్ఞాపకము చేసికొంటిని. కుట్టు లేక పైనుండి క్రిందికి నేయబడినదని యోహాను 19వ అధ్యాయము చెప్పుచున్నది. ఎవరో మన ప్రభువుకొరకు దానిని నేసిరి. వారి పేరు లేఖనములో లేదు. వారి చేతిపని మాత్రము లేఖనములో నిలిచినది.

మీరేమి చేయవలెనని అడుగుదురేమో. ధర్మశాస్త్రము విధించుటకు కాదు గాని, తండ్రి బిడ్డలతో చెప్పినట్లు కొన్ని మాటలు చెప్పుచున్నాను.

మొదటిది, ఇంట ఉన్న బట్టలను పారవేయవద్దు, అవి పాలియెస్టరువైనను సరే. చినుగువరకు కట్టుకొనుడి, కుట్టుకొనుడి, బొంతలు చేయుడి. కాలువలో పారవేయుటగాని, చలిమంటలో వేయుటగాని చేయవద్దు; ఆ పొగ పిల్లల రొమ్మునకు హాని. అవసరము లేని క్రొత్తబట్ట మానుటయే అన్నిటికంటె నేలకు మేలు.

రెండవది, కొనునప్పుడు అడుగుడి. ఇది నూలా, కలనేతయా, పాలియెస్టరా? అంగడివాడు చెప్పనియెడల, ఇంటికి తెచ్చిన తరువాత అంచునుండి ఒక పోగు లాగి, పెద్దవారు జాగ్రత్తగా పళ్లెములో పెట్టి కాల్చి చూడుడి. నూలైనయెడల కాగితపు వాసన వచ్చి బూడిద రాలును. పాలియెస్టరైనయెడల ముడుచుకొని కరిగి, నల్లని గట్టి పూసయగును. పొయ్యి దగ్గర నుండు తల్లులకును, పసిబిడ్డలకును నూలే కొనుడి. రేయాను చెట్ల గుజ్జునుండి వచ్చునది గనుక మన్నులో కలియును. అయితే దానిని చేయు కార్ఖానాలలో వాడు విషవాయువు పనివారికి హాని చేయగలదని ఎరిగియుండుడి.

మూడవది, చేతనైనయెడల మీ దగ్గరి నేతగానియొద్ద కొనుడి. మంగళగిరి, చీరాల, వెంకటగిరి, ఉప్పాడ, పోచంపల్లి మనకు దూరము కావు. శ్రీకాకుళము జిల్లా పొందూరులో ఇప్పటికిని వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి సన్నని ఖద్దరు నూలు వడకుచున్నారు. సంప్రదాయ రీతిని కలంకారీ అద్దువారు కరక్కాయ, పటిక, నీలి ఆకు, బెల్లములో ఊరవేసిన ఇనుము మొదలగువాటితో రంగులు చేయుదురు. మందులు లేక పండించిన పత్తి దొరకినచోట దానిని ఎన్నుకొనుడి. మిల్లు బట్టను చేనేతయని అమ్మువారును ఉన్నారు గనుక చేనేత గుర్తు చూచుకొనుడి.

నాలుగవది, కొనలేని వారిని నిందింపవద్దు. 250 రూపాయల చీర కట్టుకొనిన కూలి స్త్రీని చూచి, 800 రూపాయల చీర కట్టుకొనినవారు అతిశయించినయెడల, ఆ నూలు ఎంత పవిత్రమైనను వారి మనస్సు మురికిదే. ఎంచుకొను శక్తి గలవారిని దేవుడు ఎక్కువ లెక్క అడుగును.

ఆ అవ్వ ఇప్పుడును ప్రతి ఆదివారము గుడికి వచ్చును. పట్టీలో మొదటి చీర ఆమెకే ఇచ్చితిమి. అంచు నేరేడు రంగు. వంగిన ఆ రెండు వ్రేళ్లతో కొంగు పట్టుకొని, గుడి మెట్లయొద్ద నిలిచి, "మెత్తగా ఉందండి అయ్యగారూ. దీన్ని ఎవరు నేశారు?" అని అడిగినది. నేత సహోదరుడు ప్రక్కనే చెప్పులు విడుచుచుండెను. ఆయనను చూపించితిని. ఆయన తల వంచుకొని నవ్వెను.

ప్రియ చదువరులారా, ఈ సారి మీరు బట్టల అంగడి మెట్లు ఎక్కునప్పుడు ఆ ప్రశ్న మీతో కూడ తీసికొనిపొండి. దీనిని ఎవరు నేసిరి? ఎవరు కట్టుకొందురు? చినిగిన తరువాత ఇది ఎక్కడికి పోవును? ఈ మూటికి మనస్సాక్షితో జవాబు చెప్పగలిగినయెడల, మీ చేతిలోని బట్టయు ఒక దినమున మీ పక్షముగా సాక్ష్యము పలుకును.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, దిగంబరులైన మా మొదటి తలిదండ్రులకు నీవే వస్త్రములు సిద్ధపరచితివి. మేము అడుగక కొనిన వాటిని, ఆలోచింపక ఇచ్చిన వాటిని క్షమించుము. నేయువారి చేతులను బలపరచుము. నీవు మాకిచ్చిన నేలను, నీటిని పాడుచేయక కట్టుకొనుటకును, కట్టబెట్టుటకును మాకు జ్ఞానము దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.